ఉస్తాద్ చెయ్యి

పోయిన వారం శౌరమ్మ కాలేజీ గేటు దగ్గర సాజిదా చెయ్యి పట్టుకుని నిలబడి ఉండగా మనం ఇంటికి వచ్చేశాం. పాపం, వారం రోజులు ఆ ఎండలోనే నిలబెట్టాం ఆమెను. మే నెల బెజవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా!

సంగతులు ఎక్కడున్నాయో ఒక్కసారి తలుచుకుందాం. రెండో పంట, దాళ్వా ధాన్యం మిల్లులకు చేరుతున్న రోజులు. పామర్రు దాటాక రత్తయ్యగారి రైస్ మిల్లులో ధాన్యం తొట్టిని మోసే ఇనుప స్టాండు అతుకు విడిపోయి కూలింది. కింద బస్తాలు మోస్తున్న ఇద్దరు హమాలీలు లేవలేదు. అందులో ఒకడు అదే మిల్లులో ధాన్యం చెరిగే బుల్లెమ్మ మొగుడు. ఆ స్టాండుకు వెల్డింగ్ చేసింది శౌరమ్మ కొడుకు ఏసుపాదం. ఇరవై రెండేళ్లవాడు, తొమ్మిది రోజులుగా సబ్‌జైల్లో ఉన్నాడు. వాడికి వెల్డరని సర్టిఫికెట్ ఇచ్చింది గన్నవరం రోడ్డు మీది పాలిటెక్నిక్ కాలేజీ. ప్రభుత్వం డబ్బిస్తే ఊళ్లో చదువు ఆపేసిన పిల్లలకు ఆరు నెలల్లో చేతిపని నేర్పే విభాగం ఒకటి ఉందక్కడ. సాజిదా కూడా ఆ బ్యాచ్‌లోనే, ఏసుపాదం పక్క బెంచీలోనే నేర్చుకుంది. ఇప్పుడు అక్కడే ఆడపిల్లలకు వెల్డింగ్ నేర్పుతోంది. ఆ కాలేజీలో వాళ్లిద్దరికీ నేర్పినవాడు, లారీ బాడీలు కట్టే ఆటోనగర్‌లో పేరున్న ఉస్తాద్ బడే మియా. సాజిదాకు కన్నతండ్రి.

"ఒక్క ముక్కమ్మా," అంది శౌరమ్మ. గుణదల కొండ కింద కొవ్వొత్తులు అమ్ముకునే మనిషి. వేళ్లకు అంటిన మైనం ఇంకా పోలేదు. "పరీక్షలో మావాడు అతికిన ఇనపముక్క మీ బీరువాలో దాచి ఉంటదంట గదా. అది బాగుంటే మావాడికి పనొచ్చని తెలుస్తది. పనొచ్చినోడు మనుషుల్ని చంపుకుంటాడా? ఇనుమే చెడ్డదయ్యుంటది అంటారు. వదిలేస్తారు."

"రేపు హైదరాబాదు నించి ఎంక్వైరీ ఆఫీసరు వస్తున్నారు పిన్నీ. ఆయన చేతిలోనే పెడతాను."

"మరియమ్మ తల్లి నిన్ను చల్లగా చూడాల," అంటూ శౌరమ్మ ఆమె చేతిని కళ్లకు అద్దుకుంది. సాజిదా సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏసుపాదానికి పని వచ్చో రాదో ఆమెకూ సరిగ్గా తెలియదు. ఆ కోర్సులో అయిదు నెలలు వెల్డింగ్ రాడ్లే రాలేదు. కరెంటు లేని హోల్డర్‌కు ఉత్త ఇనుప చువ్వ బిగించి, ప్లేటు మీద సుద్దగీత గీసి, ఆ గీత వెంబడి చెయ్యి నడపడమే చదువు. ఈత రావడానికి గట్టు మీద పడుకుని చేతులాడించినట్టు. మార్చి నెల ముంచుకొచ్చాక నిధులు వచ్చాయి, ఆఖరి మూడు వారాలు మాత్రం నిప్పు చూశారు. అయినా ముప్పై రెండు మందీ పాసయ్యారు. దేవుడి దయ అనుకుంది అప్పట్లో. తనకైతే దయ కాదు, పనే వచ్చిందనుకుంది.

ప్రిన్సిపాల్ లక్ష్మీకాంత్ ఆమెను లోపలికి పిలిచి బీరువా తాళంచెవి చేతికిచ్చాడు. ఒట్టి చెడ్డవాడని ఆయన్ని కొట్టిపారెయ్యలేం. ఆ విభాగాన్ని నిలబెట్టడానికి సెక్రటేరియట్ మెట్లు అరిగేలా తిరిగిన మనిషి. కాకపోతే తిరిగి తిరిగి, ఎందుకు తిరుగుతున్నాడో ఆ సంగతి దారిలో ఎక్కడో పారేసుకున్నాడు.

"ముప్పై రెండు ముక్కలూ బయటికి తీసి, తుప్పు ఉంటే ఎమరీ పేపరుతో రుద్ది, నెంబర్ల వారీగా టేబుల్ మీద పేర్చమ్మా సాజిదా. పది గంటలకల్లా రామకోటేశ్వరరావుగారు వచ్చేస్తారు. చాలా నిక్కచ్చి మనిషట."

"ఏసుపాదం ముక్క బాగుంటే అతనికి మంచిది కదా సార్?"

లక్ష్మీకాంత్ ఆమె వంక జాలిగా చూశాడు. "వాడికి కాదమ్మా, మనకి మంచిది. ముక్క బాగుందంటే కాలేజీ పని నేర్పిందని. నేర్చిన పని మిల్లులో సరిగ్గా చెయ్యలేదంటే అది వాడి నిర్లక్ష్యం. మనకేం సంబంధం? ముక్క బాగోలేదనుకో, అప్పుడు కాలేజీ నిలబడుతుంది ముద్దాయి బోనులో."

"అంటే వాడికి శిక్ష పడుతుందా సార్?"

"ఎవడో ఒకడికి పడాలిగా. ఇద్దరు పోయారాయె." ఆయన గొంతు తగ్గించాడు. "చూడు తల్లీ, ప్రభుత్వం పాఠానికి డబ్బివ్వదు, పాసయినవాడికిస్తుంది. వాడికి నెల తిరక్కుండా ఉద్యోగం చూపిస్తేనే రెండో విడత ఇస్తుంది. నేనేం చెయ్యను? ఈ ఎంక్వైరీ గట్టెక్కితే గన్నవరంలో కొత్త సెంటరు. రెండొందల సీట్లు. ఆడపిల్లల బ్యాచ్‌కి పర్మనెంట్ ఇన్‌స్ట్రక్టరువి నువ్వే. మీ నాన్నకి కూడా చెప్పాను."

ఆ చివరి మాట ఆమెకు అప్పుడు వినిపించలేదు. శౌరమ్మకు ఇచ్చిన మాట ఒకటే బుర్రలో తిరుగుతోంది. రక్షిస్తుందని తాను తీసివ్వబోయే ముక్కే వాడి మెడకు ఉరితాడు.

బీరువా వర్క్‌షాపు మూల ఉంది. ఏడాదికి పైగా ఎవరూ తెరవలేదు. పరీక్ష శనివారం జరిగితే, ముక్కలు చూసే ఆఫీసరు సోమవారం వచ్చి, చూసి సంతకం పెట్టి, సీలు వేయించి వెళ్లాడు. అంతే. సాజిదా ఒక్కో ముక్కా తీసి టేబుల్ మీద పెట్టసాగింది. ఒక్కోటీ అరచెయ్యంత. రెండు ప్లేట్ల అంచులు కలిపి అడ్డంగా అతికినవి. ప్రతి ముక్క మీదా ఎడమ వైపు చివర నెంబరు గుద్ది ఉంటుంది. నెంబరు ఎడమ పక్కకు ఉండేట్టు పెట్టుకునే అతకాలని పరీక్షలో ముందే చెప్పారు.

పదిహేడు. ఏసుపాదం నెంబరు. చేతిలోకి తీసుకుంది. బ్రహ్మాండమైన అతుకు. చేప పొలుసుల్లా ఒక్క తీరున పరుచుకుంది. "అబ్బ, ఎంత బాగా వేశాడు!" అనుకుంది పైకే. అనుకుంటూ ఉండగానే వేలు నెంబరు మీదికి వెళ్లి ఆగింది.

రాడ్డు ఎత్తేసిన చోట ఏ అతుక్కయినా చిన్న గుంట మిగులుతుంది. కుడిచేతివాటం వాళ్లు ఎడమ నుంచి కుడికి నడుస్తారు. కాబట్టి గుంట కుడి చివర పడాలి. ఈ గుంట ఎడమ చివర, నెంబరు పక్కన ఉంది. ఏసుపాదం కుడిచేతి వాడు. పక్క బెంచీలో ఆరు నెలలు చూసింది.

పద్దెనిమిది తీసింది. గుంట నెంబరు పక్కనే. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. అన్నీ అంతే. ముందు పేర్చిన పదహారూ తిరిగి చూసింది, అవీ అంతే. ముప్పై రెండు మంది ఎడమచేతి వాళ్లు ఒకే బ్యాచ్‌లో చేరారా? ఆటోనగర్ మొత్తం మీద ఎడమచేత్తో ఇలాంటి పొలుసు వేసేవాడు ఒక్కడే. ముప్పై ఏళ్లకిందట లారీ ఛాసిస్ కింద కుడిచెయ్యి రెండు వేళ్లు పోగొట్టుకుని, ఉన్న చేత్తో పని మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నవాడు. ఎడమచేతి బడే మియా. చిన్నప్పటి నుంచి ఆ అతుకుల మీద సుత్తితో పెచ్చు కొట్టి పెరిగింది సాజిదా. తండ్రి దస్తూరీ ఆమెకు తెలియకపోవచ్చు, ఆయన అతుకు తెలియకపోవడమేమిటి.

ఆఖరికి ముప్పై ఒకటో నెంబరు మిగిలింది. అది తనది. తీయడానికి భయమేసింది. ఆ ముక్క మీదే గదా ఈ ఉద్యోగం. ఆ ముక్కను తలుచుకునే గదా పదకొండు మంది ఆడపిల్లలకు 'భయపడకండే, నాకొచ్చింది, మీకూ వస్తుంది' అని హోల్డర్ చేతికిచ్చింది. ఆ పదకొండు మందిలో ఆస్రా, శ్రీదుర్గ పోయిన నెలే పనిలో కుదిరారు. గన్నవరం దగ్గర కడుతున్న స్కూలుకు ఇనుప మెట్లు అతుకుతున్నారు. జూన్‌లో బడి తెరుస్తారు.

తీసి చూసింది. గుంట నెంబరు పక్కనే ఉంది.

* * *

ఆటోనగర్‌లో మధ్యాహ్నం మూడింటికి నీడ కూడా కాలుతుంది. బడే మియా షెడ్డులో సగం కట్టిన లారీ బాడీ కింద గోనె పరుచుకుని టీ తాగుతున్నాడు. కూతురు సైకిలు స్టాండు వెయ్యకుండా గోడకు పడేసి రావడం చూసి గ్లాసు కింద పెట్టాడు.

"ఏం బేటీ, ఇంత ఎండలో? నీళ్లు తాగు ముందు."

సాజిదా నీళ్లు తాగలేదు. బ్యాగులోంచి ముక్క తీసి ఆయన ముందు గోనె మీద పెట్టింది. "ఇది ఎవరిది అబ్బా?"

ఆయన వంగి చూశాడు. చూడక్కర్లేదు నిజానికి. "నెంబరు ఉందిగా. నీది."

"నెంబరు నాది. చెయ్యి ఎవరిది?"

పక్క షెడ్డులో ఎవరో రేకును సుత్తితో బాదుతున్నారు. బడే మియా ఆ చప్పుడు ఆగేదాకా చూసి, "కూర్చో," అన్నాడు.

"కూర్చోను. ముప్పై రెండూ నువ్వే వేశావా?"

"ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మొదలెట్టా. సాయంత్రం అసర్ నమాజుకి అయిపోయినయి." అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి, అడిగితే చెప్పేస్తాడు. అడగనందుకే ఇన్నాళ్లు దాగింది. "శనివారం మీరేసిన ముక్కలు చూశా. ఒక్కటి నిలవలా. ఆ మూడు వారాల్లో ఏం నిలుస్తది చెప్పు! లక్ష్మీకాంత్ సారు వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. 'ఇరవై ఆరు మంది పాసవ్వకపోతే విభాగం మూసేస్తారు మియా, వచ్చే ఏడు ఈ బీద పిల్లలకు ఇదీ ఉండదు' అని. ముప్పై రెండు మొహాలు కళ్లముందు కనపడ్డయ్. అందులో నీ మొహం ఉంది."

"అందుకని దొంగ ముక్కలు పెడతావా?"

"దొంగ అనమాక!" ఆయన గొంతు లేచింది, వెంటనే దిగిపోయింది. "ఉస్తాద్ చెయ్యి అంటాం దాన్ని. ఇక్కడ నీకు తెలవంది కాదు."

తెలుసు. ఆటోనగర్‌లో ఏనాటి నుంచో ఉన్న పద్ధతి అది. శిష్యుడి మొదటి పని పని చేయించుకున్నవాడి ఇంటికి వెళ్లేముందు దాని మీద ఉస్తాద్ తానే ఆఖరి అతుకు వేస్తాడు. పేరు మాత్రం శిష్యుడికే ఇస్తాడు. కుర్రాడు మొదటి రోజే నలుగురిలో నవ్వులపాలు కాకూడదని. దాన్ని మోసమని ఎవరూ అనలేదు, అనుకోలేదు. మర్యాద అనుకున్నారు.

"ఉస్తాద్ చెయ్యి పడ్డ తర్వాత ఏం చేస్తారు అబ్బా ఇక్కడ?" అంది సాజిదా. "శిష్యుణ్ణి ఏడాది పాటు కళ్ల ముందు పెట్టుకుంటారు. బరువు మోసే అతుకు ఒక్కటీ వెయ్యనివ్వరు. అవునా? మరి ఆ ముప్పై రెండు మందిని ఎవరు కళ్లముందు పెట్టుకున్నారు?"

ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. బడే మియా మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"నేను చెప్పా," అన్నాడు మెల్లగా. "అందర్నీ ఏడాది నా షెడ్డుకి రమ్మన్నా. జీతం అడగొద్దు, అన్నం పెడతా అన్నా. ఏసుపాదం వచ్చాడు కూడా, నాలుగు రోజులు. ఇంతలో కాలేజీ నించి కాగితం పట్టుకొచ్చాడు. 'ఉద్యోగం వచ్చింది ఉస్తాద్, పామర్రు మిల్లులో, సారే పంపిస్తున్నాడు' అని ఎగురుకుంటా. నెల తిరక్కముందే ఉద్యోగం చూపించాలంట గదా, లేకపోతే డబ్బు రాదంట. వద్దురా, గేట్లు కిటికీలు చేసుకో, బరువు జోలికి పోమాక అన్నా. నా చేతిలో చెయ్యేసి సరే అన్నాడు. మిల్లోళ్లు సర్టిఫికెట్ చూసి స్టాండు కట్టమంటే పిల్లోడు ఏమంటాడు? నాకు రాదంటాడా?"

సాజిదాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. "పేపర్లో చూశాక తొమ్మిది రోజులు ఎట్లా నోరు మూసుకున్నావ్ అబ్బా? శౌరమ్మ పిన్ని నీకు క్రిస్మస్‌కి కేకు పంపేది. గుర్తుందా?"

"నా మాట అయితే ఆ రోజే చెప్పేవాణ్ణి. జైలుకి నాకేం భయం, అరవై వచ్చినయి." ఆయన ముక్కను వేలితో తోశాడు. "ఇది ఉంది గదా అందులో. చెబితే అన్నీ బయటికి తీస్తారు. బడే మియా కూతురుది దొంగ సర్టిఫికెట్ అంటారు. నీ ఉద్యోగం పోద్ది, నీ పేరు పోద్ది. లక్ష్మీకాంత్ సారు మొన్నొచ్చి ఈ మాటే అని పోయాడు. అరిచి చెప్పలా, మంచిగానే చెప్పాడు. ఆడపిల్లకి ఈ పని ఎందుకని నవ్వినోళ్లంతా రేపు ఏమంటారు?"

కూతురి కోసం ఇంకొకరి కొడుకును జైల్లో వదిలేశాడు. ఆ మాట ఆమె పైకి అనలేదు. అనక్కర్లేకపోయింది. ఆయనకు తెలుసు, తెలుసని ఆమెకూ తెలుసు.

బడే మియా లేచి షెడ్డు వెనక్కి వెళ్లాడు. ఒక గోనెసంచి ఈడ్చుకుంటూ వచ్చాడు. లోపల ఇనుము గలగలమంది. "శిష్యుడి మొదటి ముక్క పారెయ్యకూడదు. మా ఉస్తాద్ నేర్పిన మాట. ఎంత చెడ్డదయినా దాచాలి. వాడు ఎదిగినాక చూపించాలి."

పరీక్షనాడు గుద్దిన నెంబర్లు వాటి మీద అలాగే ఉన్నాయి. సాజిదా వెతికి ముప్పై ఒకటి తీసింది. ఆయన దాన్ని అప్పుడే వంచి చూసినట్టున్నాడు. అతుకు నడిమధ్య వెంట్రుకంత పగులు ఈ చివర నుంచి ఆ చివరకు పాకి ఉంది. పంచి పెట్టిన మిఠాయిలు, పొరుగువాళ్ల మెప్పులు, కాలేజీ గోడకు కట్టిన ఫోటో, అన్నీ ఆ పగులులోంచి కారిపోయాయి.

"వంచేటప్పుడు పాడిందా?" అని అడిగింది. చెడ్డ అతుకు విరిగేముందు సన్నగా కిర్రుమంటుంది. కంటితో కాదు, చెవితో చూడండిరా అని శిష్యులకు చెప్పేవాడాయన. దాన్నే అతుకు పాడటం అనేవాడు.

"పాడింది," అన్నాడు బడే మియా. "నువ్వు పరీక్ష బాగా చేశానని ఇంట్లో మిఠాయి పంచుతున్నావ్ అప్పుడు."

"రేపు నేను చెప్పేస్తాను అబ్బా."

ఆయన చాలాసేపు ఆమె చేతుల వంక చూశాడు, మొహం వంక కాదు. "నీ ఇష్టం," అన్నాడు చివరికి. "సంచి బరువుగా ఉంటది. నేను మోసుకొస్తాలే."

* * *

మర్నాడు పది కొట్టకముందే రామకోటేశ్వరరావు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో మూడు పెన్నులతో బడి పంతులులా ఉన్నాడు. కాఫీ వద్దన్నాడు, కొబ్బరిబొండం వద్దన్నాడు. శాలువా తెప్పించి ఉంచిన లక్ష్మీకాంత్ దాన్ని మెల్లగా అటెండరు చేతికి తిరిగిచ్చేశాడు.

టేబుల్ మీద ముప్పై రెండు ముక్కలు వరసగా ఉన్నాయి. ఆఫీసరు ఒక్కో అతుకు మీదా బొటనవేలు నడిపించుకుంటూ వెళ్లాడు.

"అందరూ బాగా చేశారే," అన్నాడు.

"మా ఇన్‌స్ట్రక్టరు అలాంటివాడు సార్," అన్నాడు లక్ష్మీకాంత్. "నిధులు కాస్త సకాలంలో వస్తే ఇంకా..."

"ఈ బ్యాచ్‌లోని వాళ్లు ఎవరైనా ఇక్కడున్నారా?"

"ముప్పై ఒకటి నాదేనండి," అంది సాజిదా.

"ఒక్క అతుకు వేసి చూపించమ్మా. పద్ధతి ఎలా నేర్పారో చూస్తాను."

లక్ష్మీకాంత్ కళ్లు ఆమె మీద నిలిచాయి. అందులో బెదిరింపు లేదు, బతిమాలడం ఉంది. అదే ఎక్కువ కష్టం. గుమ్మం పక్కన బడే మియా గోనెసంచి కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. గేటు అవతల శౌరమ్మ.

సాజిదా రెండు ప్లేట్లు పేర్చి, ఎడమ చివర ముప్పై ఒకటి అని పంచ్‌తో గుద్దింది. నల్లద్దం మొహానికి అడ్డం పెట్టుకుంది. హోల్డర్ కుడిచేత్తో పట్టుకుంది. ఎడమ నుంచి కుడికి, తొందరపడకుండా, ఊపిరి బిగబట్టకుండా నడిపింది. పెచ్చు కొట్టి, బ్రష్‌తో తుడిచి, వేడి ముక్కను పటకారుతో తెచ్చి టేబుల్ మీది పాత ముప్పై ఒకటి పక్కన పెట్టింది.

"సార్, గుంటలు చూడండి. నాది కుడి చివర పడింది. పాత దానికి నెంబరు పక్కన ఉంది. మిగతావీ అంతే. ఈ ముప్పై రెండూ ఎడమచేత్తో వేసినవి. వేసింది మా నాన్న. ఏసుపాదం వేసిన ముక్క ఇందులో లేదు, నాదీ లేదు. మాకు పని రాకుండానే పాస్ చేశారు. వాడికి రాదని తెలిసీ మిల్లుకు పంపించారు."

బడే మియా సంచి తెచ్చి టేబుల్ పక్కన గుమ్మరించాడు. "పిల్లలేసినవి ఇవి సార్," అన్నాడు. "మంచివి నావి, ముప్పై రెండూ."

లక్ష్మీకాంత్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. రామకోటేశ్వరరావు పగిలిన ముక్క ఒకటి, పగలని ముక్క ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని తూచినట్టు చూశాడు. పదిహేడు నెంబరువి రెండూ వెతికి విడిగా పెట్టాడు.

"ఇది కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేస్తారా?"

"చేస్తామండి," అంది సాజిదా.

"చేస్తే ఆ కుర్రవాడి కేసు మారిపోతుంది. మీ నాన్నగారి మీదికి, ఈ కాలేజీ మీదికి వస్తుంది. తెలుసుగా?"

"తెలుసండి."

ఆయన పెన్ను తీశాడు, మళ్లీ జేబులో పెట్టేశాడు. "నువ్వు ఏడాదిగా ఇక్కడ నేర్పుతున్నావు కదమ్మా. ఎంతమందికి?"

ఆయన ఎటు వస్తున్నాడో సాజిదాకు అర్థమైంది. "పదకొండు మందికండి."

"పనిలో చేరినవాళ్లు?"

"ఇద్దరు. స్కూలు మెట్లు..."

"పని రాకుండా పాసయ్యానని నువ్వే అన్నావు. మరి ఏడాదిలో నీకు వచ్చిందా? నీకు రాకపోతే వాళ్లకు రాదు. ఆ మెట్లెక్కేది పసిపిల్లలు." ఆయన గొంతులో కోపం లేదు. చల్లారిన కొత్త ముక్కను తీసుకెళ్లి స్వయంగా బెంచీకి ఉన్న వైస్ దవడల మధ్య బిగించాడు. దాని పైచివరకు పొడుగాటి పైపు తొడిగాడు. చుట్టూ చూసి, దగ్గర్లో నిలబడ్డ బడే మియాతో, "మీకు చెయ్యి తెలుసు. వంచండి," అన్నాడు.

బడే మియా పైపు దగ్గరికి వచ్చాడు. ఎడమచెయ్యి ముందు, వేళ్లు లేని కుడిచెయ్యి ఆసరాకు వెనక వేశాడు. కూతురి వంక చూడకుండా లాగడం మొదలెట్టాడు. ముక్క మెల్లగా వంగింది. అతుకు నిలిచింది. ఇంకాస్త లాగాడు. ఇంకాస్త వంగింది, నిలిచింది. లక్ష్మీకాంత్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సగం దూరంలో బడే మియా చేతులు ఆగిపోయాయి. ఆయన తల ఒక పక్కకు వాలింది. చెవి అతుకు వైపు తిరిగింది.

ఆఫీసరుకు ఏమీ వినిపించలేదు. లక్ష్మీకాంత్‌కు వినిపించలేదు. సాజిదాకు వినిపించింది, సన్నగా, దారం లాగినట్టు. ముక్కలోంచి వచ్చిందా, వైస్ మరలోంచి వచ్చిందా? ఆమెకు తెలియలేదు. తండ్రి కళ్లెత్తి ఆమెను చూశాడు. ఆపమంటావా అని అడుగుతున్నాయవి. ఇక్కడ చేతులు వదిలేస్తే చాలు, నిలిచిందనుకుంటారు. ఇంకోసారి ఉస్తాద్ చెయ్యి పడుతుంది.

ఆస్రా గుర్తొచ్చింది, శ్రీదుర్గ గుర్తొచ్చింది. జూన్‌లో తెరిచే బడి గుర్తొచ్చింది.

"లాగు అబ్బా," అంది సాజిదా.